డోలు తెగకూడదు, బొమ్మ తొందరపడకూడదు

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలు పట్టి కథ ఎత్తుకుంటే చేతిలో పుస్తకం ఉండేది కాదు. కోయల వంశచరిత్రలు, సమ్మక్క సారలమ్మల కథ ఆయనకు నోటికి వచ్చు. కోయ భాషలోనూ చెప్పేవారు, తెలుగులోనూ చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఇలా డోలు వాయిస్తూ కథ చెప్పే కోయ డోలీల కథలకు తోడుగా పడిగె ఉంటుంది. గుడ్డ మీద వంశం పెద్దల బొమ్మలు, వేల్పుల గుర్తులు ఉంటాయి. కథ ఆ బొమ్మల వెంట నడుస్తుంది, డోలు కథ వెంట నడుస్తుంది. వరసగా బొమ్మలు, వాటి వెనక తెగని వాద్యం. కంప్యూటరు భాషలో చెప్పుకుంటే, నేపథ్య సంగీతంతో నడిచే స్లైడ్‌షో భద్రాచలం అడవి అంచున ఎన్నో తరాలుగా ఉంది.

సొంత వెబ్‌సైట్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ మొదట్లోనే పుట్టే కోరిక కూడా ఇదే. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్తూ తీసిన ఫొటోలు ఉంటాయి. కిన్నెరసాని, పర్ణశాల, పాపికొండలు, వేసవిలో తునికాకు కల్లాలు, కొమ్ము నృత్యం. అవి ఒకదాని వెంట ఒకటి మారుతుండాలి, వెనక సంగీతం ఆగకుండా రావాలి. వెబ్ నిపుణుల్లో చాలామంది ఈ మాట వినగానే వద్దంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. అడవి అంచు ఊళ్ల బతుకు సగం చెవికే తెలుస్తుంది. అదే పేరున్న మరో కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసేచోట ఫొటో ఎంత బాగా తీసినా నీటి చప్పుడు లేకపోతే ఏదో వెలితి. కాకపోతే ఈ పనిని వచ్చినట్టల్లా చేస్తే పాట మధ్యలో తెగుతుంది, ఫొటోలు రాక తెల్లటి గడి తిరుగుతూ కూర్చుంటుంది, చూడొచ్చినవాళ్లు విసుగెత్తి మూసేస్తారు. ఇలా ఎందుకవుతుందో, కాకుండా ఎలా చూసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

1990లలో ఈ పని ఒక్క ముక్కలో అయిపోయేది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్‌లో 'బీజీసౌండ్' అనే ఆదేశం ఉండేది. అది రాస్తే చాలు, పేజీ తెరవగానే పాట మోగేది. అప్పటి పాటలు ఎక్కువగా మిడి ఫైళ్లు. 1983లో వచ్చిన ఆ ప్రమాణంలో శబ్దం ఉండదు. ఏ స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంతసేపు మోగాలి, ఏ వాద్యంలా వినిపించాలి అన్న సూచనలే ఉంటాయి. అందుకే కొద్ది కిలోబైట్లలో పాట మొత్తం ఇమిడిపోయేది. అందుకే ఒక్కో కంప్యూటరులో ఒక్కోలా మోగేది కూడా. ఒక మనిషి ఒక చెట్టు కింద కూర్చుని వాయించిన డోలును మిడి మోయలేదు. ఆ తర్వాత ఫ్లాష్ వచ్చింది, దానికి 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. ఇప్పుడు బ్రౌజర్‌కే పాట పాడే శక్తి ఉంది, పక్క ప్రోగ్రాములతో పనిలేదు. దానితోపాటే ఒక కట్టడి కూడా వచ్చింది.

2017 సెప్టెంబరులో సఫారీ 11, 2018 ఏప్రిల్‌లో క్రోమ్ 66, 2019 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 66 ఒకదాని తర్వాత ఒకటి ఒకే దారి పట్టాయి. చూసేవాళ్లు పేజీలో ఎక్కడో ఒకచోట వేలు పెట్టనిదే మామూలుగా శబ్దం మొదలుకానివ్వవు. పేజీ పాట పాడమని అడుగుతుంది, బ్రౌజర్ ఒప్పుకోకపోతే ఆ సంగతి వెనక్కి చెబుతుంది. చాలా సైట్లు ఆ జవాబు వినిపించుకోవు, అందుకే అక్కడ పాటా రాదు, మీటా కనపడదు. సరైన పద్ధతి ఏమిటంటే, మొదటి ఫొటో మీదే పెద్దగా 'గోదావరి వినండి' అని ఒక మీట పెట్టడం. బస్సులోనో ఆస్పత్రి వరండాలోనో ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోరు, ఇంట్లో తీరుబడిగా ఉన్నవాళ్లు ముట్టుకుంటారు. ఈ కట్టడి నాకు మంచిదే అనిపిస్తుంది. డోలీ కథ వినడం ఇష్టం లేనివాణ్ణి ఎవరూ తెచ్చి కూర్చోబెట్టరు కదా.

ఒకసారి మొదలైన పాట పేజీ మారగానే ఎందుకు ఆగిపోతుంది? లింకు నొక్కగానే బ్రౌజర్ పాత పేజీని మొత్తంగా తీసేసి కొత్తదాన్ని మొదటి నుంచి కడుతుంది. పాట పాడుతున్న భాగం కూడా పాత పేజీతోనే పోతుంది. పాట ఎన్నో సెకను దగ్గర ఉందో గుర్తుపెట్టుకుని కొత్త పేజీలో అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. కానీ మధ్యలో ఖాళీ వినిపిస్తుంది, పైగా కొత్త పేజీకి మళ్లీ వేలు కావాలని బ్రౌజర్ అడగవచ్చు. ఇంకాస్త మేలైన దారి ఉంది. పాట ఉన్న చట్రాన్ని కదపకుండా, లోపలి రాతా ఫొటోలూ మాత్రమే తెచ్చి మార్చి, పైనున్న చిరునామాను 'పుష్‌స్టేట్' అనే సదుపాయంతో మార్చడం. అప్పుడు వెనక్కి వెళ్లే మీట సరిగా పనిచేసేలా చూసుకునే బాధ్యత మనదే అవుతుంది. చిన్న సైటుకు ఇంత హంగామా అక్కర్లేదు. ఒక యాత్రను ఒకే పొడవాటి పేజీలో పెట్టేస్తే పాట తెగే సమస్యే పుట్టదు.

అసలు చిక్కు అతుకు దగ్గర వస్తుంది. నలభై సెకన్ల నీటి చప్పుడు ఉంది, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పాలి. 'లూప్' అని ఒక్క మాట రాస్తే బ్రౌజర్ తిప్పుతుంది. అయినా ప్రతి నలభై సెకన్లకూ ఒక ఎక్కిలి వినిపిస్తుంది. తప్పు బ్రౌజర్‌ది ఒక్కదానిదే కాదు, ఎంపీ3 పుట్టుకలోనే ఉంది. ఎంపీ3 శబ్దాన్ని 1,152 నమూనాల ముక్కలుగా కట్టగడుతుంది. సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటే ఒక్కో కట్ట సుమారు 26 మిల్లీసెకన్లు. మన ధ్వని ఎక్కడ ముగిసినా చివరి కట్టను నిశ్శబ్దంతో నింపి పూర్తిచేయాల్సిందే. మొదట్లోనూ అంతే. శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టే వడపోతలకు కొంత ముందస్తు జాగా కావాలి కాబట్టి, ఫైలు ఆరంభంలో కొన్ని వందల నమూనాల నిశ్శబ్దం చేరుతుంది. ఈ రెండూ కలిసి అతుకు దగ్గర కొన్ని పదుల మిల్లీసెకన్ల ఖాళీ అవుతాయి.

అంత చిన్న ఖాళీని చెవి పట్టుకుంటుందా అని అడగొచ్చు. నీటి హోరు మధ్యలో అది సన్నని తెగుడులా వినిపిస్తుంది. డోలు దగ్గరైతే సహించరానిది అవుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. అందులో 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే పదో వంతు తప్పినట్టే. సమమైన నడకలో రెండు మూడు శాతం తేడా వచ్చినా మనిషి చెవి గుర్తించగలదు. తాళం నేర్చుకోనివాడికి సైతం కాలు తడబడినట్టు తెలుస్తుంది.

దీనికి విరుగుడుగా తిప్పాల్సిన ధ్వనిని ఎంపీ3లో కాకుండా 'ఓపస్' అనే రూపంలో భద్రపరచాలి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్, మొదట్లో ఎన్ని నమూనాలు వదిలేయాలో ఫైలులోనే రాసిపెడుతుంది. చిన్న ముక్కలను 'వెబ్ ఆడియో' సదుపాయంతో ముందే విప్పి ఫోన్ మెమరీలో ఉంచితే, తిప్పడం నమూనా లెక్కన కచ్చితంగా జరుగుతుంది. ఇక్కడ ఒక హద్దు తెలిసుండాలి. విప్పిన ధ్వని కుదించిన ధ్వని కంటే చాలా బరువు. సెకనుకు 48,000 నమూనాలు, రెండు చానెళ్లు, ఒక్కో నమూనాకు 4 బైట్లు లెక్కవేస్తే ఐదు నిమిషాల పాట 115 మెగాబైట్లు తినేస్తుంది. అందుకని చిన్న చప్పుళ్లను విప్పి ఉంచుకోవాలి, పూర్తి పాటను మామూలుగా పారించాలి.

ఖాళీ పోయినంత మాత్రాన అతుకు పోదు. శబ్దమంటే స్పీకరు పొర ముందుకూ వెనక్కూ ఊగడం. ముక్క చివర పొర బాగా ముందుకొచ్చి ఉండి, మొదట్లో వెనక్కి ఉంటే, తిరిగేటప్పుడు ఒక్క ఉదుటున దూకాలి. ఆ దూకుడే 'టక్' మని వినిపించేది. తరంగం సున్నా గీతను దాటేచోట, రెండువైపులా ఒకే దిశలో దాటేలా చూసి కోస్తే ఇది పోతుంది. నీరు, వాన, అడవి హోరు లాంటి వాటికి ఇంకా మంచి మార్గం చివరి మూడు నాలుగు సెకన్లను తీసి మొదటి సెకన్ల మీద పరిచి, ఒకటి తగ్గుతుండగా మరొకటి పెరిగేలా కలపడం. ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండింటినీ సరళరేఖలా తగ్గిస్తూ పెంచితే సరిగ్గా మధ్యలో ఒక్కోటి సగం ఎత్తులో ఉంటుంది. సగం ఎత్తు అంటే పావు శక్తి. ఒకదానితో ఒకటి పొంతనలేని రెండు నీటి చప్పుళ్లు కలిసినప్పుడు కూడేది శక్తే కాబట్టి, పావూ పావూ కలిసి సగమే అవుతుంది. అంటే 3 డెసిబెళ్ల పల్లం. గోదావరి ఒక్క క్షణం సన్నబడి మళ్లీ పుంజుకున్నట్టు వినిపిస్తుంది. మధ్యలో ఒక్కోటి 0.5 బదులు 0.707 ఉండేలా వంపు గీత వాడితే శక్తి మొత్తం నిలకడగా ఉంటుంది. ధ్వని కూర్పు ప్రోగ్రాముల్లో దీన్ని సమశక్తి క్రాస్‌ఫేడ్‌గా ఇస్తారు, ఎంచుకోవడం మన చేతిలోని పని.

డోలుకు ఈ కిటుకులేవీ సరిపోవు. వాయించేవాడు యంత్రం కాదు. కథ వేడెక్కేకొద్దీ నడక పెరుగుతుంది. నిమిషం చివరి వేగాన్ని తెచ్చి మొదటి నెమ్మది పక్కన అతికిస్తే, అతుకు ఎంత సున్నితంగా ఉన్నా మనిషి ఊపిరి తప్పినట్టు వినిపిస్తుంది. అందుకని నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మనిషి వాయించినదాన్ని, పాడినదాన్ని తిప్పకండి. మొదలైన చోట మొదలవ్వనిచ్చి ముగిసిన చోట ముగియనివ్వండి. ఆ తర్వాత నది ఉంటుంది. తిప్పాల్సింది నదిని, వానను, రాత్రి అడవిని.

వాటిని తిప్పేటప్పుడైనా చెవిని తక్కువ అంచనా వేయకూడదు. గట్‌మన్, జూలెజ్ అనే పరిశోధకులు 1963లో ఒక పనిచేశారు. ఏ క్రమమూ లేని హోరులో చిన్న ముక్క తీసి దాన్నే తిప్పి వినిపించారు. ముక్క సెకనులోపు ఉంటే విన్నవాళ్లు ఆ తిరుగుడును ఇట్టే పసిగట్టారు. అంతకంటే కాస్త పొడవైన ముక్కలనూ శ్రద్ధ పెట్టి గుర్తించగలిగారు. గుర్తుపట్టడానికి అందులో స్వరమూ లేదు, మాటా లేదు. ఇక మన ముక్కలో ఒక నెమలి అరుపో లాంచీ హారనో ఉంటే చెప్పేదేముంది? మొదటిసారి అందంగా ఉన్న ఆ అరుపే మూడోసారి గడియారం ముల్లులా గుచ్చుతుంది. కాబట్టి అడుగున తిరిగే ముక్కలో ప్రత్యేకమైన చప్పుడేదీ ఉండకూడదు. పొడవు వేర్వేరుగా ఉన్న రెండు ముక్కలను కలిపి తిప్పితే ఇంకా మంచిది. 47 సెకన్ల నీటి చప్పుడు ఒకటి, 61 సెకన్ల కీచురాళ్ల రొద ఒకటి అనుకుందాం. రెండూ ప్రధాన సంఖ్యలే. అవి మళ్లీ మొదట్లోలా ఒకేసారి కలిసేది 47ను 61తో హెచ్చించినన్ని సెకన్లకు. అంటే 2,867 సెకన్లు, 47 నిమిషాల 47 సెకన్లు. రెండు నిమిషాలైనా లేని సరుకుతో ముప్పావు గంటకు పైగా ఒకే కలయిక రెండోసారి రాని అడవి తయారవుతుంది. నెమలి కావాలంటే దాన్ని విడిగా ఉంచి, ఎప్పుడో ఒకసారి తోచినట్టు పలికించవచ్చు.

ఇప్పుడు ఫొటోల సంగతి. ఫోన్ కెమెరా ఫొటో 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు అనుకుంటే, ఫైలు సుమారు 4 మెగాబైట్లు ఉంటుంది. అలాంటివి ఇరవై పెడితే 80 మెగాబైట్లు. హైదరాబాదులో వైఫై మీద చూసేవాడికి తేడా తెలియదు. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు లోపలి గూడేలకు వెళ్తే సిగ్నల్ పలచబడుతుంది, ఫోన్ మీద పాత 'ఈ' అక్షరం కనిపిస్తుంది. అది ఎడ్జ్ అనే పాత తరం మొబైల్ నెట్. టవరు పంచే కాలవ్యవధుల్లో (టైమ్ స్లాట్లు) నాలుగు వాడుకున్నా దాని గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 236 కిలోబిట్లు. ఆ లెక్కన 80 మెగాబైట్లు రావడానికి 45 నిమిషాలు. ఏ ఊరి ఫొటోలు పెట్టామో ఆ ఊరివాళ్లే చూడలేని సైటు అవుతుంది. నా దృష్టిలో ఈ పనిలో జరిగే అన్ని పొరపాట్లలోకీ పెద్దది ఇదే.

ఫోన్ తెర మీద చూడ్డానికి 1,280 చుక్కల వెడల్పు బాగా సరిపోతుంది. అలా తగ్గిస్తే ఒక్కో ఫొటో సుమారు 200 కిలోబైట్లకు దిగుతుంది. ఇరవైకీ కలిపి 4 మెగాబైట్లు. వాటినీ ఒక్కసారిగా తెప్పించనక్కర్లేదు. తెర మీద ఒకటి ఉన్నప్పుడు రాబోయే ఒక్కదాన్ని మాత్రం తెప్పించుకోవాలి. 200 కిలోబైట్లంటే 1,600 కిలోబిట్లు. వెనక సెకనుకు 48 కిలోబిట్ల ఓపస్ ధ్వని పారుతుంటే ఫొటోకు మిగిలేది 188 కిలోబిట్లు. అంటే ఎనిమిదిన్నర సెకన్లలో తర్వాతి ఫొటో చేరుతుంది. ఫొటోకూ ఫొటోకూ మధ్య పది పన్నెండు సెకన్లు ఇస్తే, ఎడ్జ్ తన పూర్తి వేగంతో అందిన చోట డోలూ తెగదు, బొమ్మా ఖాళీగా రాదు. నదీతీరం ఫొటోను చూడ్డానికి పది సెకన్లు ఎక్కువేమీ కాదు.

తగ్గించడంలో ఇంకో లాభం కంటికి కనిపించదు. ఫైలు 4 మెగాబైట్లే అయినా, తెర మీదికి తెచ్చేటప్పుడు బ్రౌజర్ దాన్ని విప్పుతుంది. ప్రతి చుక్కకూ 4 బైట్లు. 4,000ను 3,000తో, ఆ వచ్చినదాన్ని 4తో హెచ్చిస్తే 48 మెగాబైట్లు. ఇరవై ఫొటోలు విప్పితే 960 మెగాబైట్లు. చవక ఫోన్‌లో మొత్తం మెమరీయే 2 గిగాబైట్లు ఉండొచ్చు. పేజీ ఉన్నట్టుండి మూసుకుపోయేది ఇక్కడే, చూసేవాళ్లేమో నెట్‌ను తిట్టుకుంటారు. 1,280 వెడల్పు ఫొటో విప్పితే 5 మెగాబైట్లు కూడా కాదు.

ఫొటో మారే తీరులో హంగులు నాకు నచ్చవు. తిరుగుతూ రావడం, చీలిపోవడం, ఎగిరిపోవడం ఒక పెళ్లి ఆల్బంలో చెల్లుతాయేమో. ఒకటి పలచబడుతుండగా మరొకటి తేలడం చాలు. ఇది యంత్రానికీ సులువే. పారదర్శకతను మార్చే పనిని ఫోన్‌లోని బొమ్మల చిప్ చూసుకుంటుంది, పేజీ అమరికను మళ్లీ లెక్కవేయనక్కర్లేదు. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కాబట్టి ఒక్కో మార్పుకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. వెడల్పులు మార్చడం, జరపడం పెడితే పాత ఫోన్ ఆ గడువు అందుకోలేక కుదుపులు వస్తాయి. కదిలే బొమ్మలు చూస్తే తల తిరిగేవాళ్లు ఫోన్ సెట్టింగుల్లో కదలిక తగ్గించమని పెట్టుకుంటారు. పేజీ దాన్ని చదివి తేలడాన్ని కూడా మానేయగలదు.

బొమ్మ ఎప్పుడు మారాలి? చాలా స్లైడ్‌షోలు గడియారాన్ని నమ్ముకుంటాయి. పది సెకన్లకో ఫొటో అని చెప్పి వదిలేస్తారు. నెట్ నిదానించి పాట ఆగితే ఫొటోలు మాత్రం సాగిపోతాయి. నెట్ కోలుకునేసరికి పాట ఒకచోట, బొమ్మ ఒకచోట. కథ కోసం బొమ్మ ఆగే పడిగె పద్ధతి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. గడియారాన్ని వదిలేసి పాటనే గడియారం చేసుకోవాలి. పాట ఎన్నో సెకనులో ఉందో బ్రౌజర్ మామూలుగా సెకనుకు నాలుగైదు సార్లు చెబుతూనే ఉంటుంది. సున్నా దగ్గర రేవు, 14 దగ్గర పడవ, 31 దగ్గర పర్ణశాల అని చిన్న పట్టిక రాసుకుని, పాట చేరిన చోటుకు తగ్గ బొమ్మను తేవాలి. పాట ఆగితే బొమ్మ ఆగుతుంది. విన్నవాళ్లు పాటను వెనక్కి జరిపితే బొమ్మా వెనక్కి వస్తుంది.

ఎంతసేపు అన్నదానికి మనసు శాస్త్రంలో కొంత జవాబుంది. అమెరికా పరిశోధకురాలు మేరీ పాటర్ 1970లలో చేసిన ప్రయోగాల్లో, ఒక దృశ్యంలో ఏముందో తెలియడానికి సెకనులో ఎనిమిదో వంతు చాలని తేలింది. కానీ అంత వేగంగా చూసిన బొమ్మలు తర్వాత గుర్తుండలేదు. తెలియడం వేరు, నిలవడం వేరు. ఫొటో కింద రెండు వాక్యాలుంటే వాటిని తీరిగ్గా చదివే సమయం కూడా కలపాలి. ముందుకూ వెనక్కూ బాణాలు, ఆపే మీట తప్పకుండా ఉండాలి. తానుగా కదిలేది ఐదు సెకన్లు దాటితే ఆపే వీలుండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలే చెబుతున్నాయి.

అవే ప్రమాణాలు శబ్దం గురించి ఇంకా కఠినంగా ఉన్నాయి. తానుగా మొదలైన ధ్వని మూడు సెకన్లు దాటితే దాన్ని ఆపే లేదా తగ్గించే ఏర్పాటు కచ్చితంగా ఉండాలి. కారణం ఆలోచిస్తే మనసు కదులుతుంది. చూపులేని మనిషి తెరలోని అక్షరాలను స్క్రీన్ రీడర్ గొంతుతో వింటాడు. మన పాట ఆ గొంతును ముంచేస్తే ఆపే మీట ఎక్కడుందో కూడా వినలేడు. మాట వెనక వచ్చే సంగీతం మాట కంటే కనీసం 20 డెసిబెళ్లు తక్కువుండాలన్నది మరో సూచన. 20 డెసిబెళ్లంటే తరంగం ఎత్తు పదో వంతు. చాలామంది పేజీలో శబ్దం స్థాయిని పదో వంతుకు పెట్టి ఊరుకుంటారు. ఐఫోన్ సఫారీ ఆ ఆదేశాన్ని లెక్కచేయదు, అక్కడ స్థాయి పూర్తిగా మనిషి చేతి మీటదే. కాబట్టి తగ్గించాల్సింది ఫైలు తయారుచేసేటప్పుడే.

రాత ఉన్న పేజీ వెనక ఏ సంగీతం పెట్టాలన్నది మరో ప్రశ్న. భద్రాచలం పేజీ అనగానే రామదాసు కీర్తన పెట్టాలనిపిస్తుంది. 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు, 1980లలో సలామే, బాడ్లీ చేసిన ప్రయోగాలు ఇక్కడ ఉపయోగపడతాయి. చూసిన అక్షరాలను, అంకెలను వరసగా గుర్తుంచుకునే పనిలో ఉన్నప్పుడు వెనక మాటలు వినిపిస్తే తప్పులు పెరిగాయి. ఆ మాటలు అర్థంకాని పరాయి భాషవైనా పెరిగాయి. పాటలోని గొంతు కూడా ఇలాగే అడ్డుపడింది, వాద్య సంగీతం అంతగా అడ్డుపడలేదు. చదివేటప్పుడు మనసు లోలోపల పలుకుతుంది, చెవిలో పడ్డ మాట అదే దారిలోకి చొరబడుతుందన్నది దీనికి ఒక వివరణ. కోయ పాట తెలుగు పాఠకుడికి అర్థం కాకపోయినా చదువుకు అడ్డు కావచ్చు. చదివే పేజీకి నది ఉంచి, కీర్తనకూ కోయల రేల పాటకూ రాత లేని స్లైడ్‌షోను విడిచిపెట్టాలి. అక్కడ అవి వెనక ఉండవు, ముందుంటాయి.

ఇన్ని జాగ్రత్తలూ ఫలించాలంటే మొదట రికార్డింగు బాగుండాలి. ఫోన్ ఇక్కడ నమ్మకమైన తోడు కాదు. అది మనిషి గొంతును అందుకోవడానికి తయారైంది. నిలకడగా వచ్చే హోరును రొదగా భావించి అణచేస్తుంది. గోదావరి దానికి రొద. డోలు దగ్గర ఇంకో తంటా వస్తుంది. దెబ్బ పడగానే ఫోన్ తనంత తానే స్థాయి తగ్గిస్తుంది, దెబ్బ తగ్గగానే పెంచుతుంది, దాంతో దెబ్బల మధ్య జనం గుసగుసలు ఉబ్బెత్తుగా పైకొస్తాయి. ఈ సవరింపులను ఆపగలిగే యాప్ కానీ చిన్న రికార్డరు కానీ వాడి, గట్టి దెబ్బ కూడా గరిష్ఠానికి 12 డెసిబెళ్లు కిందే ఉండేలా స్థాయి పెట్టాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, కాబట్టి డోలుకు నాలుగడుగులు వెనక నిలబడటమే మంచి సవరింపు. రేవులో గాలికి మైకుకు బొచ్చు తొడుగు తప్పదు. తయారయ్యాక చవక ఫోన్ స్పీకరులో విని చూడాలి. ఆ చిన్న పొర లోతైన ధ్వనిని పలికించలేదు. హెడ్‌ఫోన్లలో గుండెను తాకిన డోలు అక్కడ చెక్క మీద తట్టినట్టుంటుంది. ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వనులను కాస్త పెంచితే కనీసం దెబ్బ తీరు మిగులుతుంది.

చివరగా, ఆ ధ్వని ఎవరిది? రామదాసు పదిహేడో శతాబ్దపు వాడు, ఆయన సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. బాలమురళీకృష్ణ పాడిన రికార్డింగు మాత్రం అలా కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లుంటుంది. అదే చట్టం పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు విడిగా ప్రదర్శకుల హక్కు ఇచ్చింది, దాని కాలం 50 ఏళ్లు. గూడెంలో కూర్చుని కథ చెప్పిన డోలీకి కూడా ఆ హక్కు ఉంది. పండుగకు మాత్రమే, వేల్పు ముందు మాత్రమే మోగే వాద్యం ఉంటే అది వెబ్‌సైట్‌కు ఇవ్వదగిందో కాదో చెప్పాల్సింది ఆ ఊరివాళ్లు. రికార్డు చేయడానికి ముందే, ఇది ఎక్కడెక్కడివాళ్లో ఎప్పుడైనా వినగలరని వాళ్లకు విడమరచి చెప్పాలి. తర్వాత వద్దన్నా తీసేస్తామని మాటివ్వాలి. ప్రతి ధ్వని కిందా కళాకారుడి పేరు ఆయన కోరినట్టు, వాద్యం, ఊరు, తేదీ రాయాలి. కుదించని అసలు ఫైలు ప్రతి ఒకటి, ఫోన్‌లో తేలిగ్గా వినగలిగే ఎంపీ3 ఒకటి మెమరీ కార్డులో వేసి ఆయన ఇంట్లో ఇచ్చి రావాలి. పేజీలో పెట్టేది ఆ తర్వాతే.